నాలుగేళ్లు నడిచిన ఆల్గే స్క్రబ్బర్: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

ఆల్గే స్క్రబ్బర్ అంటే, ఉప్పునీటి అక్వేరియం నీళ్లు పారే ఒక స్క్రీన్ మీద లైటు పెట్టి కావాలని పాచి (ఆల్గే) పెంచే పరికరం. నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ పాచే తినేస్తే ట్యాంకులోని పాచికి తిండి దొరకదు. ముందే చెప్పేస్తాను. రాళ్ల మీద జుట్టులా పెరిగే హెయిర్ ఆల్గేకి స్క్రబ్బర్ బాగా పనిచేస్తుంది. ఈకల్లా పెరిగే బ్రయాప్సిస్‌కి, బుడగల్లా పెరిగే బబుల్ ఆల్గేకి పనిచెయ్యదు. నెలలో ట్యాంకు తళతళలాడాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు, కనీసం మూడు నెలలు ఆగాలి.

వాడుతున్నది 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలుండే ఉప్పునీటి ట్యాంకు) కింది సంప్ మీద, అంటే నీళ్లు వడకట్టే తొట్టి మీద, ఇంట్లో చేసుకున్న జలపాతం రకం. ఈ పద్ధతికి మూలం స్మిత్‌సోనియన్‌లో వాల్టర్ ఏడీ చేసిన ఆల్గల్ టర్ఫ్ స్క్రబ్బర్. ఆయనది పడుకోబెట్టిన స్క్రీన్, ఇది నిలబెట్టినది. ముక్కాలు అంగుళం పీవీసీ పైపుకి అడుగున 3 మిల్లీమీటర్ల చీలిక కోసి, అందులో ఎంబ్రాయిడరీకి వాడే ప్లాస్టిక్ కాన్వాస్ దూర్చాలి. ఆ కాన్వాస్‌ని ముందు రంపం బ్లేడుతో రెండు వైపులా ముళ్లు లేచేదాకా గీకాలి. నున్నగా వదిలేస్తే పాచి పట్టినట్టే పట్టి, బరువెక్కగానే ఊడి సంప్‌లో పడుతుంది.

స్క్రీన్ సైజు ట్యాంకు సైజుని బట్టి కాదు, వేసే మేతని బట్టి ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. రోజుకి ఒక ఫ్రోజెన్ క్యూబ్‌కి (గడ్డకట్టించిన చేపల మేత ముక్క) 12 చదరపు అంగుళాలు, రెండు వైపులా లైటుతో. మూడు క్యూబులు వేస్తే 6 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. నీళ్లు వెడల్పులో అంగుళానికి గంటకి 35 గ్యాలన్లు, అంటే దీనికి 210. పైకెక్కేసరికి ప్రవాహం తగ్గిపోతుంది కాబట్టి పంపు 400ది తీసుకోవడం మంచిది. లైటు 660 నానోమీటర్ల ఎర్ర ఎల్ఈడీ. మొదటి నెల రోజుకి 9 గంటలు చాలు, తర్వాత 18కి పెంచుకోవచ్చు.

మొదట వచ్చేది గోధుమరంగు జిగురు. కంగారు పడక్కర్లేదు, కొన్ని వారాల్లో పచ్చ పోగులు మొదలవుతాయి. ఆ తర్వాత కబుర్లన్నీ రంగే చెబుతుంది. పసుపుపచ్చగా, రబ్బరులా పెరిగితే లైటు ఎక్కువైంది లేదా నీళ్లు చాలడం లేదు. నల్లగా, జిడ్డుగా ఉంటే లైటు చాలడం లేదు లేదా మేత మరీ ఎక్కువ.

వారానికి ఒకసారి, మహా అయితే పది రోజులకి, స్క్రీన్ తీసి సింకులో కుళాయి నీళ్ల కింద చేత్తో గీకాలి. కుళాయి నీళ్లే ఎందుకంటే పాచిని తినే చిన్న పురుగులు మంచినీళ్లకి చచ్చిపోతాయి. బ్రష్షుతో తోమి తెల్లగా చెయ్యొద్దు, పల్చటి పచ్చపొర మిగలాలి. బాగా నడిచే స్క్రీన్ నుంచి వచ్చింది పిండితే ఉడికించిన పాలకూర ముద్దలా ఉంటుంది. బద్ధకించి మూడు వారాలు వదిలేస్తే పై పొర నీడకి అడుగున ఉన్నది కుళ్లుతుంది, తిన్నదంతా మళ్లీ నీళ్లలోకే కక్కుతుంది.

అసలు చిక్కు ఫాస్ఫేట్ లెక్కలో ఉంది. టెస్టులో సున్నా చూపిస్తుంటే రాళ్ల మీద పాచి ఎందుకు పెరుగుతోందని అందరూ అడుగుతారు. రాయి కాల్షియం కార్బొనేట్, ఫాస్ఫేట్‌ని పీల్చి దాచుకుంటుంది. నీళ్లలో తగ్గేకొద్దీ రాయి తన దగ్గరున్నది వదులుతుంది, అది పైకి వచ్చేలోపే అక్కడున్న పాచి తినేస్తుంది. స్క్రబ్బర్‌కి నెలలు పట్టేది అందుకే. ఈలోగా రాళ్ల మీది జుట్టు చేత్తో పీకాల్సిందే, పాచి తినే టర్బో నత్తలు పొడుగు పోగుల్ని పెద్దగా ముట్టవు.

జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) నింపిన రియాక్టర్ ఇంతకన్నా త్వరగా ఫాస్ఫేట్ లాగేస్తుంది, కానీ మాటిమాటికి ఆ గుళికలు మార్చాలి, డబ్బు ఖర్చు. రెండూ ఒకేసారి పెట్టి నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దించారా, డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు పిలవని పేరంటానికి వస్తాయి: బుడగలున్న గోధుమరంగు చీమిడి, రాత్రికి తగ్గి పగలు మళ్లీ. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య, నైట్రేట్ 2 నుంచి 10 మధ్య ఉంచితే చాలు. అంతకన్నా దిగితే మేత పెంచండి, లైటు గంటలు తగ్గించండి.

ఈకలా రెండు వైపులా కొమ్మలున్నది బ్రయాప్సిస్. దానికి ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు వాడతారు, గ్యాలన్‌కి 20 మిల్లీగ్రాములు, నీళ్లు వడకట్టే కార్బన్ ఉంటే తీసేసి, రెండు మూడు వారాలు. ఆ మందుకి స్క్రీన్ మీది పచ్చపాచి కూడా పోవచ్చు, మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాలి.

విసిగించేవి చిన్నవే. చీలికలోకి పాచి పాకి నీళ్లు ఆగితే స్క్రీన్ మీద పొడి చార పడుతుంది, పైపుకి నల్ల టేపు చుట్టి వెలుగు తగలనివ్వకపోతే సరి. తుంపరలకి ఎల్ఈడీ మీద ఉప్పు పేరుకుంటుంది, మధ్యలో అక్రిలిక్ అడ్డు తప్పనిసరి. నీళ్లు కాస్త పసుపెక్కుతాయి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టుకోవాలి. పంపు గంటల తరబడి ఆగిపోతే స్క్రీన్ ఎండి చచ్చిపోతుంది. దాన్ని కడగకుండా మళ్లీ ఆన్ చెయ్యొద్దు, ఆ కుళ్లంతా నేరుగా ట్యాంకులోకే పోతుంది.