హన్మకొండల పీహెచ్‌డీ ఎంట్రెన్స్ ఇంగ్లిష్ కోచింగ్: పొద్దుటి బ్యాచ్ దండగ, సాయంత్రం బ్యాచ్ బంగారం

నయీంనగర్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్ ఉంది, పేరు రాయను, బోర్డు మీద పెద్దగా బ్యాంక్, గ్రూప్స్, కానిస్టేబుల్ అని ఉండి కింద చిన్నగా నెట్, సెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్షలు, నెట్ దేశమంతటికి, సెట్ రాష్ట్రానికి), పీహెచ్‌డీ ఇంగ్లిష్ అని రాసి ఉంటది. మూడు నెలల కోర్సు, ఆరు వేల ఫీజు. పొద్దున వొకాబులరీ, సాయంత్రం రీడింగ్ కాంప్రహెన్షన్. విడివిడిగా కూడా కట్టొచ్చు గానీ ఆ ముచ్చట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలె. సాయంత్రం దానికి ఐదు స్టార్లు, పొద్దుటి దానికి ఒకటి, అది కూడా ఏసీ మంచిగ పనిచేస్తది కాబట్టి.

ఇది ఎవలకు పనికొస్తదో ముందు చెప్త. డిగ్రీ, పీజీ తెలుగు మీడియంల చేసి కాకతీయ యూనివర్సిటీలనో ఉస్మానియాలనో పీహెచ్‌డీ చేద్దామనుకునేటోళ్ళు మన దగ్గర మస్తు మంది ఉన్నరు. సబ్జెక్టు గట్టిగ వస్తది, కానీ నెట్ పేపర్ లాంగ్వేజ్ సబ్జెక్టులు తప్పిస్తే ఇంగ్లిష్, హిందీలనే ఉంటది, తెలుగుల ఉండదు. ఇగ 2024 జూన్ నుంచి నెట్ స్కోరు మీదనే పీహెచ్‌డీ సీటు ఇచ్చే పద్ధతి వచ్చింది, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేటోళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రానోళ్ళకు 70 శాతం ఆ స్కోరు, 30 శాతం ఇంటర్వ్యూ, ఆ స్కోరు కూడా ఒక్క ఏడాదే చెల్లుతది. యూనివర్సిటీ సొంతంగ ఎంట్రెన్స్ పెట్టినా 2022 యూజీసీ రూల్స్ ప్రకారం సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. అంటే ఇంగ్లిష్ అని వేరే పేపర్ ఎక్కడా లేదు, కానీ ప్రతి ప్రశ్నా ఇంగ్లిష్‌లనే చదువుకోవాలె. పొద్దుటి సార్‌కు ఎక్కనిది ఇదే.

పొద్దుటి క్లాస్ ఎట్లుంటదంటే, ఎప్పటిదో జీఆర్‌ఈ (అమెరికాల పీజీ సీటు కోసం రాసే పరీక్ష) వర్డ్ లిస్టు జిరాక్స్ తీసి ఇస్తరు, అక్షరాలు సగం పోయి ఉంటయి, రోజుకు యాభై పదాలు, వాటి సిననిమ్స్, ఆంటోనిమ్స్, తెల్లారి ఒప్పజెప్పుడు. ఎవరూ ఎక్కడా వాడని పదాలు. ఆ జీఆర్‌ఈ వాళ్ళే 2011ల ఆంటోనిమ్స్ ప్రశ్నలు తీసేసిన్రు, మన దగ్గర మాత్రం ఇంకా బట్టీ పట్టిస్తున్నరు. మాక్ టెస్టులు బ్యాంక్ బ్యాచ్‌వే, క్లోజ్ టెస్టు (పేరాల ఖాళీలు నింపుడు), ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంల తప్పు పట్టుడు), పైనుంచి తప్పు రాస్తే పావు మార్కు కట్. నెట్‌ల నెగెటివ్ మార్కులే లేవు సార్ అంటే "అలవాటు కానీ" అంటడు. దేనికి అలవాటు? నెగెటివ్ భయంతోని ప్రశ్నలు వదిలేసుడు నేర్పిస్తే రేపు అసలు పరీక్షల కూడా ఖాళీగ పెట్టి వస్తరు పిల్లలు. నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం అనిపించింది.

సాయంత్రం సార్ వేరే లెవెల్. ఆయన కూడా రీసెర్చ్ స్కాలరే, గొంతు పెద్దగ రాదు, వెనక బెంచీలకు వినపడదు, ముందు కూసోండి. మొదటి రోజే లెక్క బోర్డు మీద వేసిండు: నెట్‌ల అందరికీ ఒకటే ఉండే పేపర్ వన్‌ల 50 ప్రశ్నలు, ఎవరి సబ్జెక్టు వాళ్ళకుండే పేపర్ టూల 100, మొత్తం మూడు గంటలు, నడుమ బ్రేక్ లేదు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. పాసేజ్ మీద వచ్చేవి 5 ప్రశ్నలు, 10 మార్కులు, ఆ లెక్కన పాసేజ్ చదువుడు, జవాబులు పెట్టుడు అన్నీ కలిపి ఆరు నిమిషాలు. "ఆరు నిమిషాలల్ల రెండు సార్లు చదివే టైమ్ లేదు, ముందు ప్రశ్నలు చూడుండ్రి, తర్వాత పాసేజ్‌లకు పోండి" అంటడు. ఇది యూట్యూబ్‌ల అందరూ చెప్పేదే, కానీ ఆయన గడియారం ముందల పెట్టి చేయిస్తడు.

అసలు పని జవాబుల దగ్గర ఉంటది. జవాబు చెప్తే సరిపోదు, ఏ లైన్‌ల ఉందో వేలు పెట్టి చూపించాలె. ఒకనాడు భూగర్భ జలాల మీద పాసేజ్ ఇచ్చిండు. పరకాల నుంచి బస్సుల వచ్చే ఒక అక్క, గురుకులంల టీచర్, బోర్లు ఎక్కువ ఏసుడు వల్ల నీళ్ళు పడిపోయినయి అన్న ఆప్షన్ టిక్ పెట్టింది.

"ఎక్కడుందమ్మా?"

"ఎక్కడుండుడేంది సార్, మా ఊర్లె చూస్తలేమా!"

"మీ ఊర్లె ఉంది, నిజమే. పాసేజ్‌ల ఉందా?"

క్లాసంతా నవ్వింది, అక్క కూడా నవ్వింది, కానీ మాలాంటోళ్ళకు మార్కులు పోయేది అక్కడనే. సబ్జెక్టు తెలిసినోళ్ళు పాసేజ్ చదవరు, తమకు తెలిసింది చదువుకుంటరు. పొలిటికల్ సైన్స్ తమ్ముడు ఒకడు ఫెడరలిజం పాసేజ్‌కు ఐదుకు రెండు తెచ్చుకున్నడు, అదేమో వాని థీసిస్ టాపిక్. ఆ తర్వాత ఆప్షన్లల్ల "ఓన్లీ", "ఆల్వేస్" లాంటి గట్టి మాటలుంటే అనుమానపడుడు, ప్రశ్నల "నాట్", "ఎక్సెప్ట్" ఉంటే గీత గీసుకునుడు, రైటర్ ఒప్పుకుంటున్నడా ఎటకారం చేస్తున్నడా అని టోన్ పట్టుకునుడు, ఇవి వారం వారం వస్తయి. టోన్ మాత్రం కష్టం, నాకు ఇప్పటికీ సగం తప్పే పోతయి.

పదాల గురించి కూడా పనికొచ్చే మాట సాయంత్రమే దొరికింది. 2000ల న్యూజిలాండ్‌ల అవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె అకడమిక్ వర్డ్ లిస్టు అని ఒకటి తయారు చేసింది, 570 వర్డ్ ఫ్యామిలీలు (ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులు), అన్ని సబ్జెక్టుల పుస్తకాలల్ల మళ్ళ మళ్ళ వచ్చే మాటలే: అనలైజ్, కన్సెప్ట్, డేటా, హైపోథెసిస్. పది భాగాలుంటది, మొదటి భాగంల అన్నిటికంటే ఎక్కువ వాడేవి ఉంటయి. ఫ్రీగనే దొరుకుతది. రీసెర్చ్ మెథడాలజీ ప్రశ్నలు కూడా ఈ మాటలతోనే ఉంటయి కాబట్టి ఒక్కటి చదివితే రెండు దిక్కులా పనికొస్తది. మరి ఈ లిస్టు పొద్దుటి బ్యాచ్‌ల ఎందుకు ఇయ్యరంటే జిరాక్స్ కట్ట ముందే కొట్టించి పెట్టుకున్నరంట, అది అయిపోవాలంట.

సాయంత్రం బ్యాచ్‌ల లోటు లేదని కాదు. అంతా కాగితం మీదనే చేయిస్తరు, నెట్ ఏమో కంప్యూటర్ మీద. స్క్రీన్ మీద పొడుగు పాసేజ్ చదవాలంటే కండ్లు గుంజుతయి, గీత గీసుకునే వీలు ఉండదు, దానికి మీరు ఇంట్ల ల్యాప్‌టాప్ మీద పాత పేపర్లు చేసుకోవాల్సిందే, నెట్ పెట్టే ఎన్‌టీఏ సంస్థ సైట్‌ల ఉన్నయి. సెంటర్‌ల కంప్యూటర్ రూమ్ ఉంది, తాళం ఏసి ఉంటది.

ఆరు వేలు పెట్టలేనోళ్ళు కూడా ఫికర్ చేయొద్దు. రోజూ లైబ్రరీకి పోయి ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ ఒకటి చదివి, నాలుగు లైన్లల్ల సొంతంగ రాసి, ఫ్రెండ్‌తోని ప్రశ్నలు అడిగించుకుంటే సగం పని అయితది. మిగిలిన సగం ఆ "ఎక్కడుందమ్మా" అని అడిగే మనిషి, ఆయన కోసమే ఫీజు.

బండి పార్కింగ్ లేదు, సందుల పెడితే పక్క హాస్టల్ వాచ్‌మన్ లొల్లి చేస్తడు. లేడీస్‌కు వాష్‌రూమ్ పై ఫ్లోర్‌ల, పర్వాలేదు. డెమో రెండు రోజులు ఫ్రీ, కానీ పోంగనే పొద్దుటి క్లాస్‌ల కూసోబెట్టి ఏసీ చూపించి ఫుల్ కోర్సు రసీదు కొట్టేస్తరు, సాయంత్రం డెమోనే కావాలని గట్టిగ అడగండి, ఒక్క సాయంత్రం బ్యాచ్‌కే అయితే మూడున్నర వేలకు ఒప్పుకుంటున్నరు.