రీకాంబినెంట్ మానవ కాస్పేస్-3: ఎంజైము మంచిదే, పేచీ అంతా డీటీటీతోనే

ఇ.కోలైలో తయారై, హిస్ ట్యాగ్‌తో (శుద్ధి చేయడానికి తగిలించిన తోకతో), గ్లిసరాల్‌లో వచ్చే మామూలు వయల్ గురించే ఈ సమీక్ష. అపాప్టోసిస్‌లో, అంటే కణం తనను తాను చంపుకునే పద్ధతిలో, ప్రోటీన్లు కోసే ఈ ఎంజైము పనేమిటో కొనేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇన్‌హిబిటర్ స్క్రీనింగ్‌కి (ఎంజైముని ఆపే పదార్థాల వెతుకులాటకి) చాలాకాలంగా వాడకంలో ఉన్న సరుకు. బ్యాచ్ మారినా తేడా రాదు, మైనస్ 80లో నిక్షేపంగా ఉంటుంది, ఏసీ-డీఈవీడీ-ఏఎంసీతో (ఎంజైము కోస్తే వెలిగే ఏఎంసీని వదిలే సబ్‌స్ట్రేట్‌తో) సిగ్నల్ గట్టిగా వస్తుంది.

నా కోపమంతా డేటాషీట్ ఒక్క ముక్కలో తేల్చేసే '10 మిల్లీమోలార్ డీటీటీ' మీద. డీటీటీ అంటే సిస్టీన్లని ఆక్సిడైజ్ కాకుండా చూసే రిడ్యూసర్; అది లేకపోతే పని జరగదు, నిజమే. 163వ స్థానంలోని సిస్టీన్ థయాల్‌గా (ఆక్సిడైజ్ కాని రూపంలో) ఉంటేనే కోత పడుతుంది. కానీ అదే డీటీటీ కొన్ని రసాయనాలతో చేతులు కలిపి ఎంజైమునే చంపుతుంది. ఆ సంగతి డేటాషీట్‌లో ఒక్క వాక్యం కూడా ఉండదు.

జరిగేది ఇదీ. బీటా-లాపకోన్, చిత్రమూలం వేరులోని ప్లంబాజిన్ లాంటి క్వినోన్లు డీటీటీ నుంచి ఎలక్ట్రాన్లు అందుకుని ఆక్సిజన్‌కి అప్పజెప్తాయి, మళ్ళీ మొదటి రూపానికొచ్చి ఇంకో విడతకి సిద్ధమవుతాయి. ప్రతి విడతకీ కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది కాటలిటిక్ సిస్టీన్‌ని ఆక్సిడైజ్ చేస్తుంది. క్వినోన్ ఎంజైముని ముట్టుకోకపోయినా సాఫ్ట్‌వేర్ మాత్రం నున్నటి వంపు గీసి, మైక్రోమోలార్‌లో ఐసీ50 (ఎంజైము పని సగానికి పడే మోతాదు) చూపిస్తుంది. చూస్తే ముద్దొస్తుంది కూడా. ప్రీఇంక్యుబేషన్ పెంచేకొద్దీ ఐసీ50 ఇంకా దిగుతుంది కాబట్టి 'నెమ్మదిగా బిగుసుకునే ఇన్‌హిబిటర్' అని పేరు పెట్టాలనీ అనిపిస్తుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. బఫర్ 50 మిల్లీమోలార్ హెపెస్ పీహెచ్ 7.4, 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాల్ని పట్టేసేది), 0.1 శాతం చాప్స్ (డిటర్జెంట్), 10 శాతం గ్లిసరాల్. అరగంటలో సబ్‌స్ట్రేట్ 10 శాతానికి మించి ఖర్చు కాకుండా ఎంజైము పలచన చేయాలి. అదే ప్లేటులో ఇంకో వరస వెల్స్‌లో మిల్లీలీటరుకి 100 యూనిట్ల కాటలేజ్ (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైము) కలపాలి, మరో వరసలో ఉడికించి పని చెడగొట్టిన కాటలేజ్. మామూలు కాటలేజ్‌తో ఇన్‌హిబిషన్ ఎగిరిపోయి, ఉడికించినదానితో అలాగే ఉంటే ఆ హిట్ పెరాక్సైడ్‌దే. అసలైన ఇన్‌హిబిటర్ ఏసీ-డీఈవీడీ-సీహెచ్ఓ వరస రెండింట్లోనూ కదలకూడదు. డీటీటీ బదులు బలహీనమైన రిడ్యూసర్ గ్లూటాథయోన్ పెట్టి చూడటం రెండో పరీక్ష. ఇంకో రిడ్యూసర్ టీసీఈపీకి మారితే తప్పించుకోవచ్చనుకోవద్దు, అదీ ఈ చక్రాన్ని తిప్పగలదు. మూడోది, ఎంజైము లేకుండా కాంపౌండ్, డీటీటీ మాత్రమే కలిపి ఫినాల్ రెడ్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్‌తో 610 నానోమీటర్ల దగ్గర పెరాక్సైడ్ పుట్టిందేమో చదవడం. ఎక్కడైనా సోడియం అజైడ్ ఉంటే కాటలేజ్, పెరాక్సిడేజ్ రెండూ మూగబోతాయి. స్టాక్ సీసాల లేబుళ్ళు ముందే చదవాలి. రంగు సారాలైతే విడి ఏఎంసీ కలిపి, వెలుగు మింగేస్తున్నాయేమో కూడా చూడాలి.

డీటీటీ వయసూ లెక్కే. 20 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5లో దాని సగం జీవితం 10 గంటలు, 8.5లో గంటన్నర కూడా ఉండదు. నిన్నటి బఫర్‌తో ఇవాళ్టి ప్లేటు వద్దు. ఈడీటీఏ మానేస్తే రెండు దెబ్బలు: లోహాలు డీటీటీని తొందరగా తినేస్తాయి, జింక్ కాస్పేస్‌నే అణచేస్తుంది.

బ్యాచ్ మారినా తేడా రాదన్న మాట ఒకే కంపెనీ సరుకు వరకే. యూనిట్‌ని ఒకరు నిమిషానికి పికోమోల్‌తో, ఇంకొకరు గంటకి నానోమోల్‌తో కొలుస్తారు. గంటకి 1 నానోమోల్ అంటే నిమిషానికి దాదాపు 16.7 పికోమోల్. ఎంజైముకి శాశ్వతంగా అతుక్కునే జడ్-వీఏడీ-ఎఫ్ఎంకేతో యాక్టివ్ సైట్లు టైట్రేట్ చేసుకుంటేనే పోలిక కుదురుతుంది. మైనస్ 80లో నిక్షేపమన్నదీ చిన్న అలికాట్లకే (ఒక్కో వాడకానికి విడిగా పంచుకున్న భాగాలకే). కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే జోరు తగ్గుతుంది, చాప్స్ లేకుండా పలచన చేస్తే ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది.

పెప్టైడ్ ఇన్‌హిబిటర్లే చూసే ల్యాబ్ అయితే ఈ గొడవ పెద్దగా తగలదు, నిశ్చింతగా కొనొచ్చు. మొక్కల సారాలో, క్వినోన్లు దండిగా ఉన్న లైబ్రరీయో వడపోయాలంటే నా ఓటు సగమే. కాటలేజ్ వరసకి ప్లేటులో చోటు, బడ్జెట్‌లో డబ్బు ఉన్నాయా అన్నదాన్నిబట్టి మిగతా సగం.