రిపీటర్ టోన్ పట్టాలంటే స్కానరా, డాంగులా?

అమెరికాలో వన్యప్రాణి అధికారుల రేడియో మాటలను స్కానర్‌తో వినే సరదా ఉన్నవాళ్లు చాలామందే. మన విశాఖలో కంబాలకొండ అడవి పక్కనే ఉన్నా, అటవీ శాఖ సెట్ల జోలికి పోకూడదు. హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ ఉన్నవాళ్లం 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌లోనే ఆ మెళకువలు నేర్చుకుంటాం. అందులో ఒకటి రిపీటర్ టోన్ పట్టడం. రిపీటర్ అంటే ఒక ఫ్రీక్వెన్సీలో (ఇన్‌పుట్) విన్న మాటను మరో ఫ్రీక్వెన్సీలో (అవుట్‌పుట్) తిరిగి పంపే స్టేషన్. టోన్ అంటే అది తెరుచుకోవడానికి మాటతోపాటు పంపే, తాళంచెవి లాంటి సన్నని స్వరం.

చేతి స్కానర్ సుఖం వేరు. జేబులో వేసుకుని బీచ్ రోడ్డు మీద నడవొచ్చు. టోన్ సెర్చ్ పెడితే, సిగ్నల్ తగలగానే 88.5 హెర్ట్జ్ అనో మరొకటో తెరమీద పడుతుంది.

చిక్కంతా ఇక్కడే. చాలా రిపీటర్లు లోపలికి టోన్ అడుగుతాయి గానీ బయటికి పంపవు. అవుట్‌పుట్ గంటసేపు విన్నా ఏమీ దొరకదు. మాట్లాడేవాడి సెట్ నుంచి నేరుగా వచ్చే ఇన్‌పుట్ వినాలి. అది మామూలుగా 600 కిలోహెర్ట్జ్ కింద ఉంటుంది. స్కానర్ అటూ ఇటూ గెంతేలోపు ఆయన 'ఓవర్' అనేస్తాడు.

యూఎస్‌బీ ఎస్‌డీఆర్ డాంగుల్‌కి (లాప్‌టాప్‌కి గుచ్చి సాఫ్ట్‌వేర్‌తో నడిపే చిన్న రేడియో రిసీవర్) ఆ బాధ లేదు. సుమారు 2.4 మెగాహెర్ట్జ్ మేర ఒకేసారి చూపిస్తుంది. లాప్‌టాప్ మీద రెండు గీతలు: లావుది రిపీటర్, సన్నది ఎంవీపీ కాలనీలోంచి ఎవరో. ఆ సన్నదాని మీద నొక్కి టోన్ చదువుకోవడమే. ఈ వేటకైతే నా ఓటు దీనికే.

కాకపోతే చేతికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. దగ్గర్లో ఎఫ్ఎం స్టేషన్ ఉంటే చెవుడొస్తుంది, ఫిల్టర్ తగిలించాలి. ఇక డాబా మీద ఉప్పుగాలికి నా యాంటెన్నా కనెక్టర్ ఆర్నెల్లకే పచ్చబడింది. ఆ ఖర్చు రెండింటికీ ఒకటే.