బ్యాకప్ క్వార్టర్‌బ్యాకుల్లో ఎవరు మేలు: ఫోల్సా, రైకా, హాస్టెట్లరా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏ జట్టు స్టార్టర్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) మోకాలు పట్టుకుని మైదానంలో కూలబడినా, ఆ రాత్రికల్లా డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవాళ్లెవరో ఒకరు అదే ప్రశ్న పంపిస్తారు: బెంచీ మీద నుంచి లేచొచ్చి ఆడినవాళ్లలో ఇప్పటిదాకా ఎవరిది గొప్ప? ఎక్కువమంది నిక్ ఫోల్స్ పేరు చెప్పేసి ఊరుకుంటారు. నేనూ చివరికి అక్కడికే వస్తాను. కాకపోతే అతని వేలికి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఉంగరం ఉందని మాత్రం కాదు.

ఉంగరమే కొలత అయితే ఈ చర్చే అక్కర్లేదు. జెఫ్ హాస్టెట్లర్‌కీ ఉంది, 2001 నాటి టామ్ బ్రేడీకీ ఉంది. నేను చూసేది ఇంకొకటి: ఆ కుర్రాడు లోపలికి రాగానే కోచ్ ఆటని ఎంత కుదించాడు? మామూలుగా జరిగేది మనందరికీ తెలుసు. బ్యాకప్ వస్తే రెండు రన్‌లు (బంతి పట్టుకుని పరుగు), ఒక షార్ట్ పాస్, ఆపైన పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకి వదిలేయడం). తప్పు చేయకుండా ఉంటే చాలు, మిగతాది డిఫెన్స్ చూసుకుంటుంది అన్నట్టుగా నడుస్తుంది.

అలా నడపడం పిరికితనమేమీ కాదు. వారమంతా ప్రాక్టీసులో ఫస్ట్ టీమ్‌తో స్నాప్‌లు (బంతి అందుకుని ఆడే అవకాశాలు) దాదాపు అన్నీ స్టార్టర్‌కే పోతాయి. బ్యాకప్ ఆ టైములో సొంత డిఫెన్స్‌కి ఎదురుగా నిలబడి, వచ్చే ఆదివారం ఎదురయ్యే జట్టు ప్లేలను, అంటే ఎత్తుగడలను, అనుకరిస్తుంటాడు. ఆడాల్సిన ప్లేలన్నీ మీటింగుల్లో చూసి ఉంటాడు, నోట్సు రాసుకుని ఉంటాడు, కానీ ఆ వారంలో ఆ రిసీవర్లకి (పాసులు అందుకునేవాళ్లకి) ఆ బంతులు విసిరి ఉండడు. నాటకంలో తెర వెనక ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి ఉన్నపళంగా రంగు పూసి స్టేజీ మీదకి తోసినట్టు ఉంటుంది అతని పరిస్థితి. అందుకే గెలిచాడా లేదా అని కాకుండా, ఎంత బరువు మోసి గెలిచాడని అడగాలంటాను.

ఈ కొలత పెట్టగానే రెండు పెద్ద పేర్లు పక్కకి పోతాయి. 1999లో కర్ట్ వార్నర్ చేసింది మామూలు విషయం కాదు. సరుకుల దుకాణంలో అరలు సర్దిన మనిషి 41 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించే పాసులు) విసిరి, ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యి, సూపర్ బౌల్ గెలిచాడు. అయితే స్టార్టర్ ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది ప్రీసీజన్‌లో (సీజన్‌కి ముందు సన్నాహక మ్యాచ్‌ల్లో). సీజన్ మొదటి మ్యాచ్ నుంచే జట్టు వార్నర్‌ది, ప్రాక్టీసూ అతనిదే. అతను దొరికిన కొత్త స్టార్టర్, అంతే. ఇక బ్రేడీ. 2001 సెప్టెంబరు 23న జెట్స్ లైన్‌బ్యాకర్ మో లూయిస్ దెబ్బకి పేట్రియట్స్ స్టార్టర్ డ్రూ బ్లెడ్‌సో పడిపోతే లోపలికొచ్చిన, డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) 199వ పేరు. ఆ తర్వాతి ఇరవయ్యేళ్లూ తెలుసు కాబట్టి ఆ ఏడాదిని మనం వెనక్కి తిరిగి పెద్దది చేసి చూస్తున్నాం. ఆ సూపర్ బౌల్‌లో బ్రేడీ విసిరింది 145 గజాలు. రామ్స్‌ని 17 పాయింట్ల దగ్గర ఆపింది డిఫెన్స్. నిజానికి ఆ సీజన్‌లో రిలీఫ్ (మధ్యలో వచ్చి ఆదుకోవడం) అనే మాటకి బాగా సరిపోయేది బ్లెడ్‌సోనే. పిట్స్‌బర్గ్‌లో ఏఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు కాన్ఫరెన్స్‌లలో ఒకటి) ఫైనల్లో బ్రేడీ చీలమండ మడతపడితే, నెలల తరబడి ఆట లేని బ్లెడ్‌సో వచ్చి టచ్‌డౌన్ విసిరి జట్టుని గట్టెక్కించాడు. ఆ పూట గురించి ఎవరూ అడగరు.

ఎర్ల్ మోరాల్ విషయంలో పాతతరం అభిమానులకి నా మీద కోపం వస్తుంది. 1972లో బాబ్ గ్రీసీ కాలు విరిగితే, 38 ఏళ్ల మోరాల్ వచ్చి డాల్ఫిన్స్‌ని ఓటమన్నదే లేకుండా నడిపించాడు. ఇప్పటికీ ఆ 17–0 రికార్డు చెక్కుచెదరలేదు. అతని అనుభవం, నిబ్బరం లేకపోతే ఆ రికార్డు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ జట్టు ఆడింది ఎలా? లారీ జొంకా 1,117 గజాలు, మెర్క్యురీ మోరిస్ సరిగ్గా 1,000 గజాలు పరుగెత్తారు. బంతిని వాళ్ల చేతిలో పెట్టడమే సగం పని. పైగా ఏఎఫ్‌సీ ఫైనల్లో హాఫ్‌టైమ్‌కి స్కోరు 7–7 దగ్గర ఉంటే, కోచ్ డాన్ షూలా సెకండాఫ్‌లో గ్రీసీని మైదానంలోకి దించాడు. బరువు నిజంగా పెరిగిన గంటలో కోచ్ ఆ బరువుని మోరాల్ దగ్గర్నుంచి తీసేసుకున్నాడు.

హాస్టెట్లర్ కేసు ఇంత సులువుగా తేలదు. 1990 డిసెంబరు 15న బిల్స్ మీద ఆడుతూ జెయింట్స్ స్టార్టర్ ఫిల్ సిమ్స్ పాదం దెబ్బతింది. అప్పటిదాకా హాస్టెట్లర్ ఏళ్ల తరబడి సిమ్స్ వెనక నిలబడ్డ మనిషి. మిగిలిన లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు, బేర్స్‌ని 31–3తో కొట్టాడు, వరసగా మూడో టైటిల్ కోసం వస్తున్న ఫార్టీనైనర్స్‌ని వాళ్ల ఊళ్లోనే 15–13తో ఆపారు. ఆ 15 పాయింట్లూ మాట్ బార్ కొట్టిన ఐదు ఫీల్డ్ గోల్స్ (గోల్ స్తంభాల మధ్యకి తన్నే, మూడేసి పాయింట్ల కిక్కులు). టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. ఇక్కడే నా కొలత అతని మీద కఠినంగా పడుతుంది. సూపర్ బౌల్‌లోనూ కోచ్ బిల్ పార్సెల్స్ పథకం బంతిని బిల్స్‌కి ఇవ్వకుండా గడియారం తినేయడమే. జెయింట్స్ చేతిలో బంతి 40 నిమిషాల 33 సెకన్లు ఉంది.

అయినా ఆ మ్యాచ్‌లో ఒక్క ప్లే కోసం హాస్టెట్లర్‌ని నేను మోరాల్ కన్నా పైన పెడతాను. సెకండ్ క్వార్టర్‌లో అతను సొంత ఎండ్‌జోన్‌లో (గోల్ గీత వెనక చోటు) కాలు తట్టుకుని తడబడ్డాడు. బిల్స్ ఆటగాడు బ్రూస్ స్మిత్ అతని కుడి మణికట్టుని పట్టేసుకున్నాడు. ఆ చేతిలోనే బంతి ఉంది. లీగ్‌లో అంతటి బలమైన డిఫెన్సివ్ ఎండ్ మణికట్టుని గుంజుతుంటే, బంతిని వదలకుండా అలాగే కింద పడ్డాడు. దాన్ని సేఫ్టీ అంటారు, బిల్స్‌కి రెండు పాయింట్లు, 12–3. బంతి జారి ఉంటే స్మిత్ దాని మీద పడేవాడు, ఏడు పాయింట్లు పోయేవి. చివరికి జెయింట్స్ గెలిచింది 20–19తో. అందరూ స్కాట్ నార్‌వుడ్ మిస్సైన 47 గజాల కిక్కునే చెప్పుకుంటారు, ఆ మణికట్టు సంగతి ఎవరికీ గుర్తు రాదు. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చున్న మనిషి ఆ సెకనులో కంగారు పడకపోవడం నాకు ఏ టచ్‌డౌన్ పాస్‌కన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఈమధ్య వాళ్ల గురించి రెండు ముక్కలు. బ్రాక్ పర్డీ 2022 డిసెంబరులో వచ్చినప్పుడు డ్రాఫ్ట్‌లో ఆఖరి పేరు, 262వది. ఫార్టీనైనర్స్‌కి మూడో క్వార్టర్‌బ్యాక్. వచ్చిన వారానికే బ్రేడీ ఉన్న బక్కనీర్స్‌ని 35–7తో కొట్టాడు. కానీ ఎన్‌ఎఫ్‌సీ (రెండో కాన్ఫరెన్స్) ఫైనల్లో మోచేయి పోవడంతో కథ సగంలో ఆగింది, తర్వాతి ఏడాదికి అతనే స్టార్టర్. జాష్ డాబ్స్‌ది ఒక్క పూట అద్భుతం. 2023 అక్టోబరు 31న ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడిలో) మిన్నెసోటా చేరాడు, నవంబరు 5న అట్లాంటాలో స్టార్టర్ జారెన్ హాల్ తలకి దెబ్బ తగలడంతో మైదానంలోకి దిగాడు. ఆ ప్లేలన్నీ అతనికి ఇంకా కొత్త. కోచ్ కెవిన్ ఒకానెల్ హెల్మెట్ రేడియోలో ఒక్కో ప్లేనీ విడమరిచి చెప్తూ పోయాడు. ప్లే క్లాక్ (ప్లే మొదలుపెట్టాల్సిన గడువు) 15 సెకన్లకి రాగానే ఆ రేడియో ఆగిపోతుందని మీకు తెలుసు. ఆ తర్వాత అంతా డాబ్స్ బుర్రే. 22 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ విసిరి 31–28తో గెలిపించాడు. ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివినవాడు కదా అని మన ఇళ్లలో అతనికి కాస్త ఎక్కువే మార్కులు పడ్డాయి.

ఇక మిగిలింది ఇద్దరు. ఫ్రాంక్ రైక్, ఫోల్స్.

1993 జనవరి 3, బఫలో. టికెట్లన్నీ అమ్ముడుపోలేదని ఆ ఊళ్లో టీవీ ప్రసారం కూడా లేదు. వారం ముందే ఇదే హ్యూస్టన్ ఆయిలర్స్ చేతిలో బిల్స్ 27–3తో ఓడారు, ఆ మ్యాచ్‌లోనే బిల్స్ స్టార్టర్ జిమ్ కెల్లీ గాయపడ్డాడు. ఇప్పుడు హాఫ్‌టైమ్‌కి 28–3తో మళ్లీ వెనకే. థర్డ్ క్వార్టర్ మొదట్లో రైక్ బంతిని ఆయిలర్స్ ఆటగాడు బబ్బా మెక్‌డావెల్ అందుకుని 58 గజాలు పరుగెత్తాడు. 35–3. ఆ స్కోరు దగ్గర ఏ కోచ్ అయినా ఆటని కుదించలేడు, రన్ ఆడుతూ కూర్చోలేడు. మొత్తం బరువు రైక్ చేతి మీదకే వచ్చింది. అక్కడి నుంచి వరసగా ఐదు టచ్‌డౌన్‌లు. నాలుగు రైక్ విసిరినవే, అందులో మూడు ఆండ్రీ రీడ్‌కి. ఓవర్‌టైమ్‌లో 41–38. బిల్స్ రిసీవర్ డాన్ బీబీ తన టచ్‌డౌన్‌కి ముందు మైదానం పక్క గీత దాటి బయటికెళ్లి వచ్చాడు, రెఫరీలు చూడలేదు, అప్పట్లో రీప్లే లేదు. ఆయిలర్స్ అభిమానులు ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు, ఎత్తడం న్యాయమే. ఒక్క పూట లెక్కలో మాత్రం నాకు రైక్‌ని మించినవాడు లేడు. 32 పాయింట్లు వెనకబడి గెలిచిన ఆ రికార్డు 2022 డిసెంబరు దాకా నిలిచింది. పైగా అది గాలివాటంగా జరిగిందని అనలేం. 1984లో మేరీల్యాండ్ కాలేజీకి ఆడుతూ ఇలాగే బెంచీ మీద నుంచి వచ్చి, మయామీ మీద 31–0 వెనకబడ్డ మ్యాచ్‌ని 42–40తో గెలిపించాడు.

అతన్ని రెండో స్థానంలో ఎందుకు ఆపుతున్నానంటే, ఆ తర్వాతి వారం పిట్స్‌బర్గ్‌లో గెలుపు 24–3, ఎదుటివాళ్లకి టచ్‌డౌనే దక్కలేదంటే అది ప్రధానంగా డిఫెన్స్ గెలుపు. ఇక సూపర్ బౌల్‌లో కెల్లీకి మళ్లీ దెబ్బ తగిలి రైక్ దిగినప్పుడు బిల్స్ 52–17తో ఓడారు. మొదటిసారి మోసినంత బరువు మళ్లీ మోయాల్సి వస్తే చేయి తిరగలేదు.

ఫోల్స్ దగ్గర జరిగింది దానికి తలకిందులు. 2017 డిసెంబరు 10న, 33 టచ్‌డౌన్‌లు విసిరి ఎంవీపీ రేసులో ఉన్న ఈగల్స్ స్టార్టర్ కార్సన్ వెంట్జ్ మోకాలు లాస్ ఏంజెలెస్‌లో పోయింది. ఫోల్స్ మొదట బాగా ఆడలేదు, అది దాచాల్సిన పని లేదు. లీగ్ చివరి మ్యాచ్‌లో కౌబాయ్స్ మీద అతను పదకొండు పాసుల్లో నాలుగే పూర్తి చేశాడు, 39 గజాలు, ఒక ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్ల చేతికి చిక్కిన పాస్). ఈగల్స్ 6–0తో ఓడారు. కాన్ఫరెన్స్‌లో మొదటి సీడ్ అయి ఉండి కూడా సొంత మైదానంలో వాళ్లనే బలహీనులుగా, ‘అండర్‌డాగ్’లుగా లెక్కేశారు. ఆటగాళ్లు కుక్క మాస్కులు పెట్టుకున్నది అందుకే.

అక్కడ కోచ్ ఎవరన్నది నాకు ముఖ్యం. డగ్ పీడర్సన్ తన ఆటగాడి జీవితంలో ఎక్కువ భాగం బ్రెట్ ఫావ్‌ర్‌లాంటి వాళ్ల వెనక బ్యాకప్‌గా గడిపినవాడు. అతని అఫెన్సివ్ కోఆర్డినేటర్ ఎవరనుకున్నారు? పైన చెప్పిన ఫ్రాంక్ రైకే. బెంచీ మీద కూర్చున్నవాడికి ఏది దొరకదో ఇద్దరికీ ఒంటికి తెలుసు. వాళ్లు ఫోల్స్‌ని వెంట్జ్‌లా ఆడమనలేదు, ఆటని కుదించనూ లేదు. 27 టచ్‌డౌన్‌లు, రెండే ఇంటర్‌సెప్షన్‌లతో ఫోల్స్ ఆడిన 2013 సీజన్ టేపులు తిరగేసి, అతని చేతికి అలవాటైన ఆర్‌పీఓలు (పరుగా, పాసా అన్నది ప్లే మొదలయ్యాక తేల్చుకునే ఎత్తుగడలు), త్వరగా వదిలే పాసులు పెంచారు. ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో ఎదురైన వైకింగ్స్ డిఫెన్స్ ఆ ఏడాది లీగ్‌లోకెల్లా గట్టిది. దాని మీద ఫోల్స్ 33లో 26 పూర్తి చేసి 352 గజాలు విసిరాడు, 38–7.

2018 ఫిబ్రవరి 4న మిన్నియాపొలిస్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో బ్రేడీ 505 గజాలు విసిరాడు. రెండు జట్లూ కలిపి ఒక్కటే పంట్. అంటే డిఫెన్స్ మోసే మ్యాచ్ కాదది, గడియారం తినే మ్యాచూ కాదు. పాయింటుకి పాయింటు బ్రేడీతో పోటీ పడాల్సిన మ్యాచ్. హాఫ్‌టైమ్‌కి 38 సెకన్లు ఉండగా, ఫోర్త్ డౌన్ (నాలుగో, ఆఖరి ప్రయత్నం), గోల్ లైన్‌కి ఒక గజం. టైమ్‌అవుట్‌లో ఫోల్స్ సైడ్‌లైన్ దగ్గరికి నడిచొచ్చి ఆ ట్రిక్ ప్లే ఆడదామా అని తనే అడిగాడు. పీడర్సన్ ప్లే షీటు వైపు చూసి సరే అన్నాడు. బంతి సహ ఆటగాడు క్లెమెంట్ నుంచి ఇంకో సహ ఆటగాడు బర్టన్‌కి, బర్టన్ నుంచి ఎండ్‌జోన్‌లో ఒంటరిగా నిలబడ్డ ఫోల్స్ చేతుల్లోకి. అందరికీ గుర్తున్నది ఆ క్యాచ్. నన్ను పట్టుకున్నది అంతకు ముందు అతను అడిగిన ఆ ప్రశ్న. అంత పెద్ద మ్యాచ్‌లో బరువు తగ్గించమని కాదు, ఇంకొంచెం పెట్టమని అడిగాడు.

ఆఖర్లో స్కోరు 33–32, ఈగల్స్ వెనక ఉన్నారు. సొంత 45 గజాల గీత దగ్గర ఫోర్త్ అండ్ వన్ (ఆఖరి ప్రయత్నం, కావాల్సింది ఒక గజం), ఐదున్నర నిమిషాలకి పైనే ఉంది. పంట్ కొట్టలేదు. మీద పడుతున్న ఒత్తిడిలోనే ఫోల్స్ జాక్ ఎర్ట్జ్‌కి రెండు గజాల పాస్ అందించాడు. అది పోతే బ్రేడీకి సగం మైదానమే మిగిలేది. ఆ డ్రైవ్ 14 ప్లేలు, 75 గజాలు సాగి, ఎర్ట్జ్ టచ్‌డౌన్‌తో ముగిసింది. మ్యాచ్ చివరికి 41–33. ఫోల్స్ 373 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు, ఎంవీపీ.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, బలమైనదే: అంత గొప్పవాడైతే జాక్సన్‌విల్‌లో ఏమయ్యాడు? నాలుగేళ్లకి 88 మిలియన్ డాలర్ల ఒప్పందంతో వెళ్లి, 2019 మొదటి మ్యాచ్‌లోనే కాలర్‌బోన్ విరిగి, ఆరో రౌండ్ కుర్రాడు గార్డ్‌నర్ మిన్‌షూకి చోటు వదలాల్సి వచ్చింది. నిజమే. అతను పదేళ్లు నిలబడే స్టార్టర్ అని నేను ఎప్పుడూ అనను. కానీ మనం తూచేది బెంచీ మీద నుంచి లేచొచ్చిన మనిషిని. మరుసటి ఏడాది 2018 డిసెంబరులో వెంట్జ్ మళ్లీ ఆగిపోతే అదే ఫోల్స్ మళ్లీ లేచొచ్చి, లాస్ ఏంజెలెస్‌లో రామ్స్‌ని కొట్టి, జట్టుని ప్లేఆఫ్స్‌లోకి లాగి, షికాగోలో బేర్స్‌ని కూడా ఓడించాడు. రైక్‌కి రెండోసారి కుదరనిది అతనికి కుదిరింది.