తరగతి ముగిశాక ప్రాంగణంలో ఉండగలమా? ఒక విద్యార్థిని సమీక్ష

నెల్లూరు జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని మొదట పీజీ విద్యార్థినిగా, తరువాత పరిశోధక విద్యార్థినిగా ఏళ్ల తరబడి వాడుకున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. విద్యార్థులకు చదువుపై శ్రద్ధ కుదరడం భవనాల గొప్పతనం కంటే, తరగతి అయిపోయాక అక్కడ ఉండే వీలుందా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా అభిప్రాయం.

గ్రంథాలయంలో పుస్తకాలకు కొదవ లేదు. అయితే నేను చేరిన కొత్తలో తరగతులు నాలుగున్నరకు ముగిస్తే, గ్రంథాలయాన్ని ఐదింటికే మూసేవారు; రిజిస్టరులో సంతకం చేసి, బీరువాలో పుస్తకం వెతికి కూర్చునేసరికి లేవమనేవారు. పాఠకుల సమయాన్ని ఆదా చేయాలని భారతీయ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ సూత్రంగా చెప్పారు. తరువాత రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచి, గోడవారనే ఉన్న ప్లగ్గులను నడుమ బల్లలకు కూడా అమర్చడంతో, అంతవరకు ఎవరి దారిన వారు వెళ్లిపోయే మా తరగతివాళ్లు ల్యాప్‌టాప్‌ల చుట్టూ చేరి సెమినార్లకు కలిసి సిద్ధం కావడం మొదలుపెట్టారు. మరునాడు తరగతిలో ప్రశ్నలు అడిగేది కూడా ఎక్కువగా వాళ్లే.

అన్నిటికన్నా నన్ను బాధించినది ఆడపిల్లల మరుగుదొడ్ల పరిస్థితి. ఎండాకాలంలో కుళాయిలు మధ్యాహ్నానికే ఎండిపోయేవి. ఆ భయంతో నా స్నేహితురాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండి, తలనొప్పితో భోజనం వేళకే ఇంటిదారి పట్టేవారు. హాజరుపట్టీలో అది గైర్హాజరుగానే నమోదయ్యేది. వాళ్లకు చదువు మీద ఆసక్తి లేదని అధ్యాపకులు అనుకోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టాక ఈ ఇబ్బంది చాలావరకు తీరింది.

క్యాంటీన్, ఆటస్థలం ఫరవాలేదు.

విద్యార్థి చదువుకు వెచ్చించే సమయం, శక్తి ఎంత ఎక్కువైతే నేర్చుకునేది అంత పెరుగుతుందని అమెరికా విద్యా పరిశోధకుడు అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో ప్రతిపాదించారు. హాస్టల్లో ఉండేవారికి ఆ సమయం సహజంగానే దొరుకుతుంది. పొదలకూరు, గూడూరు వైపుల నుంచి రోజూ వచ్చిపోయేవారికి మాత్రం దాన్ని బస్సే నిర్ణయిస్తుంది. గ్రంథాలయం ఎనిమిది దాకా తెరిచి ఉన్నా, చీకటి పడ్డాక బస్సు దొరకదన్న బెంగతో వారిలో చాలామంది ఆరింటికే లేచిపోతున్నారు. అందువల్ల పీజీ ప్రవేశ పరీక్ష అయిన పీజీసెట్ రాశాక, ఏ కళాశాల కావాలో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేముందు, హాస్టల్లో చేరని వారు సాయంత్రం బస్సుల వేళలను ఆర్టీసీ డిపోలో విచారించుకోవడం మంచిది.