సేఫ్టీ జాకెట్లు ఆర్డర్ చేసేవాళ్లకు జాగ్రత్త: శాంపిల్ ఒకటి, సరుకు మరొకటి

సైట్ కోసం పెద్ద మొత్తంలో రిఫ్లెక్టివ్ జాకెట్లు కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఒక సప్లయర్ పంపిన శాంపిల్‌లో వంక పెట్టడానికేమీ లేదు. లేబుల్ మీద ఈఎన్ ఐఎస్‌ఓ 20471, క్లాస్ 2 అని ఉంది. (దూరం నుంచే మనిషి కనిపించేలా చేసే దుస్తులకి యూరప్ ప్రమాణం ఇది. ఇందులో 1 నుంచి 3 దాకా క్లాసులుంటాయి, 3 అన్నిటికంటే పైది.) సర్టిఫికెట్ కాపీ కూడా జత చేశారు. తీరా కార్టన్లు విప్పితే లేబుల్ అదే, చూపుకి రంగూ అదే, కానీ టేపు వేరు, బట్ట పల్చన, చిన్న సైజుల్లో భుజాల మీద టేపే లేదు. పగలు చేతిలో పట్టుకుని చూస్తే ఈ టేపు తేడా ఎవరికీ తెలియదు. తెలిసేది రాత్రి లారీ హెడ్‌లైట్ పడ్డప్పుడు. అప్పటికి ఆ జాకెట్ ఒక మనిషి ఒంటి మీద ఉంటుంది. ఇదే పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఒక పేరు చెప్పడం కంటే పట్టుకునే పద్ధతి చెప్పడమే ఎక్కువ ఉపయోగం.

మొదట టేపు సంగతి. అందరూ రేడియం టేపు అని పిలిచే ఆ వెండి రంగు పట్టీలో ఎక్కువగా వాడేది సన్నటి గాజు పూసలు, వాటి వెనక అల్యూమినియం పూత. మీద పడ్డ వెలుతురుని అవి వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. హెడ్‌లైట్ వెనక కూర్చున్న డ్రైవర్‌కి మనిషి కనిపించేది అందుకే. ఈఎన్ ఐఎస్‌ఓ 20471 ప్రకారం కొత్త టేపు 12 నిమిషాల (డిగ్రీలో ఐదో వంతు) పరిశీలన కోణం (లైటుకీ చూసే కంటికీ మధ్య కోణం), 5 డిగ్రీల ప్రవేశ కోణం (వెలుతురు టేపు మీద పడే వాలు) దగ్గర చదరపు మీటరుకి లక్స్‌కి కనీసం 330 క్యాండెలా ఇవ్వాలి (పడ్డ వెలుతురుకి ఎంత వెనక్కి వస్తుందో చెప్పే కొలత ఇది). రాపిడి, మడతలు, చలి, ఉతుకుల పరీక్షలన్నీ అయ్యాక కూడా 100కి తగ్గకూడదు. నాసిరకం బూడిద రంగు పట్టీ కొత్తగా ఉన్నప్పుడే ఆ 330 దరిదాపులకి రాదు. వచ్చినా నాలుగు ఉతుకులకి పూసలు రాలిపోయి మామూలు గుడ్డ ముక్కలా మిగులుతుంది.

దీన్ని ల్యాబ్ లేకుండానే చాలావరకు పసిగట్టొచ్చు. చీకటి పడ్డాక శాంపిల్‌నీ, సరుకులోంచి తీసిన జాకెట్‌నీ పక్కపక్కన వేలాడదీసి, ఓ 10 మీటర్ల దూరంలో నిలబడండి. టార్చిని కంటి పక్కన, కణతకి ఆనించి వెలిగించండి. ఇది ముఖ్యం. టార్చిని నడుము దగ్గర పట్టుకుంటే మంచి టేపు కూడా మసకగానే కనిపిస్తుంది, ఎందుకంటే వెలుతురు టార్చి వైపే తిరిగి వెళుతుంది, మీ కంటికి రాదు. ఫోన్‌తో ఫ్లాష్ వేసి ఫోటో తీసినా సరిపోతుంది, రెండూ ఒకే ఫోటోలో పడాలి. తర్వాత రెండింటి మీదా నీళ్లు చల్లి మళ్లీ చూడండి. తడిస్తే పూర్తిగా నల్లబడే టేపు వాన రాత్రి అక్కరకి రాదు. ఈ పరీక్ష ల్యాబ్ రిపోర్టుకి సమానం కాదు, కానీ శాంపిల్‌లో ఉన్న టేపే సరుకులోనూ ఉందా లేదా అన్నది మాత్రం దాచకుండా చెబుతుంది.

టేపు ఎంత ఉందో కొలవండి. దీనికి కావలసింది దర్జీ టేపు ఒక్కటే, అయినా కొలిచేవాళ్లు తక్కువ. క్లాస్ 2 జాకెట్‌కి రిఫ్లెక్టివ్ భాగం కనీసం 0.13 చదరపు మీటర్లు ఉండాలి. పట్టీ వెడల్పు కనీసం 50 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా 50 మిల్లీమీటర్ల పట్టీ వాడితే మొత్తం పొడవు 2.6 మీటర్లకి తగ్గకూడదు. క్లాస్ 1కి 0.10 కాబట్టి 2 మీటర్లు, క్లాస్ 3కి 0.20 కాబట్టి 4 మీటర్లు. ఇప్పుడు చిన్న సైజు తీసుకోండి. నడుం చుట్టూ మీటరు చొప్పున రెండు వరసలు వేస్తే 2 మీటర్లే అయింది. మిగిలిన 60 సెంటీమీటర్లు భుజాల మీది పట్టీల నుంచి రావాలి. భుజాల పట్టీ తీసేసిన రోజే అది క్లాస్ 2 కాకుండా పోయింది, లేబుల్ మీద ఏమున్నా సరే. కుట్టులోకి మడత పెట్టిన భాగం, జేబు కింద దాక్కున్న భాగం లెక్కలోకి రావు. వెడల్పు 45 ఉంటే పొడవుతో సర్దుకోవడం కుదరదు, అది తిరస్కరించాల్సిన సరుకే. పట్టీకీ పట్టీకీ మధ్య, కింది పట్టీకీ అంచుకీ మధ్య కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలి. ముందు జిప్పు దగ్గర పట్టీ తెగే ఖాళీ 50 దాటకూడదు.

బట్టకి కూడా విస్తీర్ణం లెక్క ఉంది. ఫ్లోరోసెంట్ బట్ట క్లాస్ 1కి 0.14, క్లాస్ 2కి 0.50, క్లాస్ 3కి 0.80 చదరపు మీటర్లు. ఇది తయారయ్యే అతి చిన్న సైజులోనూ ఉండాలి. మోసపోయేది ఇక్కడే: శాంపిల్ ఎప్పుడూ ఎల్ సైజులో వస్తుంది, కోత పడేది ఎస్ సైజులో. శాంపిల్ అడిగేటప్పుడే అతి చిన్న సైజు కావాలని అడగండి. వీపు మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పేరు ప్రింటు వేయించినా ఆ మేరకి బట్ట విస్తీర్ణం తగ్గుతుంది. లోగో వేసిన డిజైన్‌కి సర్టిఫికెట్ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగాలి.

ఫ్లోరోసెంట్ రంగు అంటే గాఢమైన పసుపు కాదు. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్ని కూడా పట్టుకుని కనిపించే వెలుతురుగా మారుస్తుంది. మసక చీకట్లో, మబ్బు పట్టినప్పుడు మనిషి కొట్టొచ్చినట్టు కనపడేది దానివల్లే. మామూలు పసుపు అద్దకం ట్యూబులైటు కింద అచ్చం అలాగే ఉంటుంది, సాయంత్రానికి మట్టిలో కలిసిపోతుంది. చిన్న యూవీ టార్చి వేస్తే అసలుది భగ్గున వెలుగుతుంది, మామూలు రంగు చచ్చినట్టు ఉంటుంది. ఇంకో పరీక్ష: జాకెట్‌లో సగానికి దళసరి అట్ట కప్పి కొన్ని రోజులు గట్టి ఎండలో ఉంచండి. అట్ట తీశాక గీత గీసినట్టు తేడా కనబడితే ఆ రంగు నిలవదు. ప్రమాణం ఒప్పుకునేవి మూడే రంగులు: ఫ్లోరోసెంట్ పసుపు, నారింజ-ఎరుపు, ఎరుపు. నీలం, గులాబీ జాకెట్లకి ఎన్ని పట్టీలు కుట్టినా అవి లెక్కలోకి రావు. బట్ట మందం విషయంలో అనుమానం ఉంటే 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి సున్నితపు తూకంలో వేయండి. గ్రాముల్ని 100తో గుణిస్తే జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి గ్రాములు. 120 జీఎస్‌ఎం అని ఒప్పుకున్న బట్ట ముక్క 1.2 గ్రాములు తూగాలి.

ఇక కాగితాలు. సర్టిఫికెట్ అడిగితే చాలామంది సప్లయర్లు ఏదో ఒక సర్టిఫికెట్ ఇస్తారు, అది జాకెట్‌ది అయి ఉండదు. ఐఎస్‌ఓ 9001 అనేది ఫ్యాక్టరీ నిర్వహణ పద్ధతికి. ఓకో-టెక్స్ బట్టలోని హానికర రసాయనాలకి సంబంధించింది. టేపు తయారీదారు ఇచ్చిన టెస్ట్ రిపోర్టు టేపుకి మాత్రమే. మీకు కావలసింది పూర్తయిన జాకెట్‌కి, దాని మోడల్ నంబరుతో సహా ఇచ్చిన కాగితం. యూరప్ నిబంధన 2016/425 ప్రకారం ఈ జాకెట్లు, ప్రమాద స్థాయిని బట్టి చేసిన మూడు కేటగిరీల్లో, కేటగిరీ 2లోకి వస్తాయి కాబట్టి నోటిఫైడ్ బాడీ (అధికారికంగా గుర్తించిన తనిఖీ సంస్థ) ఆ మోడల్‌ని పరీక్షించి ఇచ్చిన టైప్ ఎగ్జామినేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి, అది గరిష్ఠంగా 5 ఏళ్లే చెల్లుతుంది. తేదీ, మోడల్, తయారీదారు పేరు మూడూ లేబుల్‌తో సరిపోవాలి. ఆ సంస్థ పేరు యూరోపియన్ కమిషన్ నడిపే నాండో జాబితాలో ఉందో లేదో చూడండి. సర్టిఫికెట్ నిజమేనా అని ఆ సంస్థకే మెయిల్ పెట్టండి. కానీ మెయిల్ అడ్రసు ఆ కాగితం మీదది కాకుండా సంస్థ వెబ్‌సైట్ నుంచి తీసుకోండి.

లేబుల్ కూడా నిజం కక్కుతుంది. ఈఎన్ ఐఎస్‌ఓ 20471 గుర్తులో జాకెట్ బొమ్మ పక్కన ఒక్క అంకే ఉండాలి. రెండంకెలు ఉంటే అది పాత ఈఎన్ 471 లేబుల్ చూసి కొట్టిన కాపీ. కేటగిరీ 2 సరుకు మీద సీఈ (యూరప్ నిబంధనలకి సరిపోతుందని వేసే గుర్తు) పక్కన నాలుగంకెల నంబరు ఉండదు, అది కేటగిరీ 3కి. చేతుల్లేని జాకెట్ ఒక్కదాని మీదే క్లాస్ 3 అని రాసుంటే నమ్మొద్దు, ఆ క్లాసుకి పట్టీలున్న చేతులో, పొడుగు ప్యాంటో కావాలి. ఉతుకుల గరిష్ఠ సంఖ్య ఏమీ రాయకపోతే ఎప్పుడు మార్చాలో చెప్పే ఆధారమే లేదు. అమెరికా ప్రమాణం అన్సీ/ఐఎస్‌ఈఏ 107 అయితే క్లాసుతో పాటు టైప్ (ఏ రకం పనికో చెప్పే గుర్తు) కూడా ఉండాలి, రోడ్డు పనికి టైప్ ఆర్. భారత ప్రమాణం ఐఎస్ 15809. మీ సైట్‌కి ఏది వర్తిస్తుందో దాన్నే అడగండి, "అన్నిటికీ సరిపోతుంది" అనే మాట ఒప్పుకోవద్దు.

వెల్డింగ్ దగ్గర మామూలు పాలిస్టర్ జాకెట్ వేయకూడదు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. అక్కడ మంటని తట్టుకునే రకం వేరేగా తెప్పించాలి.

పర్చేజ్ ఆర్డర్‌లో "క్లాస్ 2 జాకెట్లు, ఇన్ని" అని రాసి వదిలేస్తే గొడవ వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. టేపు బ్రాండు, దాని ప్రొడక్ట్ కోడ్, పట్టీ వెడల్పు, బట్ట జీఎస్‌ఎం, సర్టిఫికెట్ నంబరు, ఒక్కో సైజుకి ఎన్ని అన్నీ రాయండి. ఒప్పుకున్న శాంపిల్ మీద ఇద్దరూ సంతకం చేసి సీలు వేసి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. కొంత సొమ్ము సరుకు తనిఖీ అయ్యాకే ఇస్తామని ముందే ఒప్పించండి. దీనికి ససేమిరా అనే సప్లయర్‌ని అక్కడితో వదిలేయడమే మేలు. తనిఖీకి పై కార్టన్‌లోంచి తీయొద్దు. మంచివి పైన పేర్చడం పాత అలవాటే కాబట్టి మధ్యలోంచి, అడుగు నుంచి, ప్రతి సైజులోంచి తీయాలి.

ఇప్పటికే సరుకు వచ్చేసి అనుమానంగా ఉంటే ఆ జాకెట్లని వాహనాలు తిరిగే చోట, రాత్రి షిఫ్టులో ఎవరికీ ఇవ్వకండి. కార్టన్ మీది లాట్ నంబరు, లేబుల్, కొలతలు, టార్చి పరీక్ష ఫోటో ఒకచోట పెట్టి సప్లయర్‌కి రాతపూర్వకంగా పంపండి. రెండు మూడు జాకెట్లు ఉతక్కుండా, వాడకుండా పక్కన పెట్టండి. ల్యాబ్‌కి పంపాల్సి వస్తే అవే సాక్ష్యం.