పాత లేజర్ పడవకు హల్-డెక్ అతుకు మరమ్మతు: ఆరు సీజన్ల తరువాత

హుస్సేన్ సాగర్‌లో నేను నడిపే పాత లేజర్ పడవకు (లేజర్ అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) 2019 జనవరిలో హల్‌కూ (అడుగు డొప్పకూ) డెక్‌కూ (పై మూతకూ) మధ్య విడిపోయిన అతుకును వెస్ట్ సిస్టమ్ వారి జీ-ఫ్లెక్స్ 650 ఎపాక్సీ జిగురుతో తిరిగి అతికించాను. 2020లో పడవ దాదాపు ఒడ్డునే ఉండిపోయింది కాబట్టి ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేస్తే, ఆ అతుకు ఇప్పటికి ఆరు వానాకాలపు గాలులను చూసింది. మరమ్మతుకు ముందు గంటన్నర నడిపి ఒడ్డుకు చేర్చి వెనుక బిరడా తీస్తే దాదాపు ఒక బకెట్టు నీళ్లు కారేవి. ఇప్పుడు ఒక టీ గ్లాసెడు కారుతున్నాయి. ఆ గ్లాసెడు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా నాకు తెలుసు, అది నా పొరపాటు వల్ల మిగిలిన చోటు. జిగురు మంచిదేనని చెప్పడానికి ఈ అనుభవం చాలు. అయితే ఆ జిగురు ఒక్కటే ఈ పడవను నిలబెట్టిందని చెబితే అది నిజం కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

బ్రూస్ కర్బీ రూపకల్పన చేసిన లేజర్ 1971 నుంచి మార్కెట్లో ఉంది. పొడవు 4.23 మీటర్లు, ఖాళీ హల్ బరువు సుమారు 59 కిలోలు. ఇది రెండు ఫైబర్‌గ్లాస్ అచ్చుల పడవ. అడుగు డొప్ప ఒకటి, పైన మూతలాంటి డెక్ ఒకటి. ఈ రెండింటి అంచులు పడవ చుట్టూ ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి, వాటి మధ్య రెసిన్ ముద్ద తప్ప మరేమీ ఉండదు. బోల్టులు లేవు, రివెట్లు లేవు. గాలి పెరిగినప్పుడు పడవ ఒరగకుండా నడిపేవాడు పాదాలను పట్టీ కింద బిగించి, తొడలను సరిగ్గా ఆ అంచు మీదే ఆనించి, ఒంటిని నీటి మీదికి వాలుస్తాడు. ఒడ్డున నలుగురూ కలిసి పడవను ఎత్తేది కూడా ఆ అంచును పట్టుకునే. ముప్పై ఏళ్లు దాటిన పడవలో అది అక్కడక్కడా విడిపోవడంలో ఆశ్చర్యం లేదు. చిక్కంతా ఏమిటంటే, లోపల అంతా మూసుకుపోయిన ఖాళీ కాబట్టి అతుకు లోపలి వైపుకు చెయ్యి చేరదు. చేసే పని ఏదైనా బయటి నుంచే చేయాలి.

నేను 2016లో కొన్నప్పటికే ఎడమ అంచు కింద పొడవునా సిలికాన్ పూసి ఉంది. 2017లో దాన్ని పైపైన గీకేసి, ఊళ్లో దొరికే పాలిస్టర్ రెసిన్‌లో టాల్కం పొడి కలిపి లప్పంలా చేసి పగులులో నింపాను. చూడటానికి చక్కగా కనిపించింది. 2018 జూలైలో నైరుతి గాలి గట్టిగా వీచిన మొదటి వారంలోనే అది పెంకులా ఊడి వచ్చింది. పాలిస్టర్ ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఎప్పుడో గట్టిపడిన పాత ఫైబర్‌గ్లాస్‌ను అది గట్టిగా పట్టుకోలేదు, పైగా పెళుసుగా ఉంటుంది. సిలికాన్ అవశేషం మిగిలిన చోటనయితే ఏ జిగురూ అంటదు. అసిటోన్‌తో తుడిస్తే సిలికాన్ పోతుందని అప్పట్లో అనుకున్నాను. పోదు. బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో కొత్త ఫైబర్ బయటపడే దాకా రుద్దితే తప్ప అది వదలదు.

రెండోసారి మొదలుపెట్టే ముందు, నీళ్లు నిజంగా అతుకు నుంచే వస్తున్నాయా అని తేల్చుకున్నాను. ముందుగా తెరచాప స్తంభం దిగే గొట్టాన్ని నీళ్లతో నింపి రాత్రంతా ఉంచాను. ఉదయానికి మట్టం తగ్గి ఉంటే లీకు అక్కడ ఉన్నట్టు, అది అతుకు కంటే ప్రమాదకరం. తగ్గలేదు. బిరడా చుట్టూ ఉన్న వాషరు మార్చాను. ఆ తరువాత సైకిలు ట్యూబుకు పంక్చరు వెతికినట్టే వెతికాను. వెనుక బిరడా రంధ్రానికి ఒక గొట్టం బిగించి నోటితో గాలి ఊదుతూ, అంచు చుట్టూ సబ్బు నీళ్లు బ్రష్‌తో పూశాను. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. టైర్ల దుకాణంలోని కంప్రెసర్ గొట్టాన్ని ఏ పరిస్థితుల్లోనూ పడవకు పెట్టకండి. పదో వంతు బార్ పీడనం అంటే చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బరువుతో సమానం. లేజర్ డెక్ వైశాల్యం కొన్ని చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి మంచి అతుకు కూడా క్షణంలో ఊడిపోతుంది. నోటి ఊపిరి చాలు.

ఎడమ వైపు కాక్‌పిట్ (నడిపేవాడు కూర్చునే గుంట) పక్క నుంచి ముందుకు 1.8 మీటర్ల మేర వరుసగా బుడగలు వచ్చాయి, ముక్కు దగ్గర మరో 30 సెంటీమీటర్లు. అసలు విషయం మాత్రం ఆ పరీక్షకు సిద్ధమవుతున్నప్పుడే బయటపడింది. లేజర్‌లో కాక్‌పిట్ ముందు గోడకు పైభాగాన చిన్న గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. ఊదేటప్పుడు దాన్ని టేపుతో మూయాలని వెతికితే, అది అప్పటికే సిలికాన్‌తో మూసేసి ఉంది. నాకంటే ముందు ఎవరో దాన్ని కూడా లీకు అనుకున్నారు. ఆ రంధ్రం ఎందుకు ఉందో ఆలోచిస్తే నా రెండేళ్ల తలనొప్పికి కారణం తెలిసింది. వేసవి మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన పడవలోని గాలి సులువుగా 50 డిగ్రీలకు చేరుతుంది. ఆ పడవను 28 డిగ్రీల నీటిలోకి దింపితే లోపలి గాలి చల్లబడి సుమారు 7 శాతం కుంచించుకుపోవాలి. రంధ్రం తెరిచి ఉంటే అందులోంచి బయటి గాలి లోపలికి వచ్చి ఆ లోటు తీరుతుంది. మూసి ఉంటే డొప్ప లోపలికి పీల్చుకుంటుంది, ఆ పీల్పుకు నీరు దొరికే దారి అతుకులోని పగులే. ఎండకు ఉబ్బడం, నీటిలో కుంగడం, రోజూ ఇదే సాగితే ఏ జిగురు గీత అయినా అలసిపోతుంది. నా పాలిస్టర్ లప్పం ఊడిపోవడంలో ఇలా మూసిన రంధ్రం పాత్ర కూడా చాలా ఉందని నమ్ముతున్నాను. సన్నటి తీగతో ఆ రంధ్రాన్ని శుభ్రం చేయడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు.

తరువాతి పని ఆరబెట్టడం. ఈ మరమ్మతులో ఎక్కువ కాలం పట్టింది దీనికే. బాలానగర్‌లో ఫైబర్ పని చేసే ఒక పెద్దాయనకు పడవ చూపించినప్పుడు ఆయన అంచు మీద నాణెంతో కొట్టుకుంటూ పోయి, గట్టిగా పలికిన చోటూ డొల్లగా పలికిన చోటూ చాక్‌పీసుతో గీత గీశారు. చివరికి, “సార్, లోపల తడి ఉంటే ఎంత ఖరీదు మందు పెట్టినా పట్టదు, ముందు దీన్ని ఎండనీయండి” అన్నారు. పాత పడవల్లో లోపలి ఫోము నీటిని తాగి ఉంటుంది. డెక్ మీద తనిఖీ మూత ఒకటి బిగించి (లేజర్ తరగతి పోటీ నిబంధనలు దానికి అనుమతిస్తాయి), దానిపై చిన్న ఫ్యాను కట్టి, బిరడా తీసి మూడు వారాలు వదిలేశాను. డిసెంబరు పొడి గాలి బాగా సాయపడింది. వేలాడే త్రాసు మీద 66 కిలోలు తూగిన హల్ 61 కిలోలకు వచ్చి అక్కడ ఆగింది. ఇదే పనిని ఆగస్టులో చేయబోయే వారు మానుకోవడం మంచిది.

జీ-ఫ్లెక్స్ 650 రెండు సీసాల్లో వస్తుంది, రెసిన్, హార్డనర్ సమాన పరిమాణంలో కలపాలి. త్రాసు లేకుండా చిన్న చిన్న మోతాదుల్లో కలుపుకోగలగడం నావంటి వారికి పెద్ద సౌకర్యం. గట్టిపడిన తరువాత ఇది మామూలు ఎపాక్సీ కంటే కొంత సాగే గుణం కలిగి ఉంటుంది. రోజూ వంగి లేచే అంచుకు అది సరిగ్గా కావలసిన గుణం. 22 డిగ్రీల దగ్గర గిన్నెలో 46 నిమిషాలు నిలుస్తుందని తయారీదారు చెబుతారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం సుమారు సగానికి పడిపోతుంది. అందుకే ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి, ఒక్కోసారి 60 మిల్లీలీటర్లకు మించకుండా కలిపాను.

పగులును ప్లాస్టిక్ చీలికలతో కొద్దిగా తెరిచి, మడిచిన 80 నంబరు గరుకు కాగితంతోనూ హాక్సా బ్లేడుతోనూ లోపలి రెండు ముఖాలనూ రుద్దాను. గట్టిగా ఉన్న చోట చీలిక దూర్చలేదు. మొదట పలచటి ఎపాక్సీని సిరంజితో లోతుగా పంపి రెండు ముఖాలనూ తడిపాను. ఆపైన సిలికా పొడి కలిపి పేరిన నెయ్యిలా చిక్కబరిచిన ముద్దను నింపాను. పాలిథిన్ చుట్టిన చెక్క పట్టీలను అంచుకు పైనా కిందా పెట్టి, 1.8 మీటర్ల మేర 14 జీ-క్లాంపులు బిగించాను. చేతులకు నైట్రైల్ తొడుగులు, రుద్దేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పక ఉండాలి.

నా పొరపాటు పడవ ముక్కు దగ్గర జరిగింది. అక్కడ అంచు వంపు తిరుగుతుంది కాబట్టి చెక్క పట్టీ సరిగ్గా కూర్చోలేదు, ఆ లోపాన్ని బలంతో సరిచేద్దామని క్లాంపులను అవసరానికి మించి బిగించాను. జిగురంతా బయటికి వచ్చేసింది. అతుకు నిలవాలంటే రెండు ముఖాల మధ్య ఒక పొర జిగురు మిగలాలి. ముద్ద అంచు పొడవునా సన్నటి పూసలా బయటికి తొంగి చూడగానే క్లాంపును ఆపేయాలి. ఎడమ వైపు అలాగే చేశాను, అక్కడ ఈ రోజు వరకు ఒక్క బుడగ రాలేదు. ముక్కు దగ్గర మూడో సీజన్‌లో వేలెడు పొడవున వెంట్రుకలాంటి గీత కనబడింది, టీ గ్లాసెడు నీళ్లు దారి చేసుకుంటున్నది అందులోంచే.

పైపూత విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. ఎపాక్సీ ఎండకు తట్టుకోలేదు, దాన్ని కప్పి తీరాలి. పడవలకు మామూలుగా వేసే పాలిస్టర్ పైపూత (జెల్‌కోట్) ఎపాక్సీ మీద సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి, ఉపరితలాన్ని నీళ్లతో స్క్రబ్బరు పెట్టి కడిగి, ఆరాక రుద్ది, రెండు భాగాల పాలీయురెథేన్ తెల్లరంగు వేశాను. నాలుగేళ్లకు రంగు సుద్దబారింది, ట్రాలీ తగిలి పెచ్చు ఊడిన చోట ఎపాక్సీ పసుపుపచ్చగా మారింది, కానీ గోటితో నొక్కి చూస్తే ఇంకా గట్టిగానే ఉంది.

ధర గురించి చెప్పాలంటే, ముంబైలోని పడవ సామగ్రి దుకాణం నుంచి తెప్పించిన ఈ ఎపాక్సీ నాకు స్థానిక పాలిస్టర్ రెసిన్ కంటే అయిదారు రెట్లు ఎక్కువ పడింది. అయినా రెండు మీటర్ల అతుకుకు కావలసింది చాలా తక్కువ కాబట్టి ఆ తేడాను నేను లెక్కచేయను. పడవ చుట్టూ సగానికి పైగా డొల్లగా పలికితే మాత్రం ఈ పద్ధతి చాలదు. అప్పుడు డెక్‌నే పూర్తిగా విడదీసి కూర్చోబెట్టాలి, అది ఇంటి వద్ద చేసే పని కాదు.

ఇప్పుడు ప్రతి సీజన్‌కు ముందు సబ్బు నీళ్ల పరీక్ష చేస్తాను, గాలి రంధ్రంలో తీగ ఆడిస్తాను, ఒడ్డున ఉన్నంతసేపూ బిరడా తీసి ఉంచుతాను. ముక్కు దగ్గరి గీతను ఈ డిసెంబరులో తెరుస్తాను. ఈసారి ఆ వంపుకు సరిపోయేలా చెక్క పట్టీలను ముందే చెక్కించి పెట్టుకున్నాను.